హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు

బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీని వరుసగా ఐదేళ్లు గెలిచిన జట్టు ఒక్కటే ఉంది. అది కలకత్తాది కాదు, గోవాది కాదు, తెల్లదొరల పల్టనూ కాదు. 1950 నుంచి 1954 దాకా ఏటా కూపరేజ్ మైదానానికి వెళ్లి కప్పు పట్టుకొచ్చింది హైదరాబాద్ నగర పోలీసులు. తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా పేరు మారినా అదే పరంపర కొనసాగి, మొత్తం తొమ్మిది రోవర్స్ కప్పులు, నాలుగు డ్యూరాండ్ కప్పులు దాని ఖాతాలో చేరాయి. భారత జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లిన ప్రతిసారీ అర్ధ డజను మందికి అటూ ఇటూగా హైదరాబాదీలు అందులో ఉండే రోజులవి.

ఇంత చరిత్ర ఉన్న జట్టుకు సొంత స్టేడియం లేదు. చందా కట్టే సభ్యులు లేరు, టికెట్ల ఆదాయం లేదు. కొనుగోళ్లూ అమ్మకాలూ అసలే లేవు. ఉన్నవి రెండే: పోలీసు శాఖ ఇచ్చే కొలువు, సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు. ఆ జట్టు అంత ఎత్తుకు ఎందుకు వెళ్లిందో, ఎందుకు కనుమరుగైందో తెలుసుకోవాలంటే ఈ రెండింటినీ వదలకుండా చూడాలి.

పల్టన్ల ఆట, పాతబస్తీ ఆట

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ సికింద్రాబాద్ కంటోన్మెంటు నుంచి వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం బారకాసుల్లో ఉన్న బ్రిటిష్ పల్టన్లకు సాయంత్రాలు బంతి ఆట దినచర్య. చుట్టుపక్కల పిల్లలు గట్టు మీద కూర్చుని చూసి, దొరలు వెళ్లాక అదే మైదానంలో వట్టి కాళ్లతో ఆడేవారు. దేశంలో ఆటకు పెద్దదిక్కైన పోటీలు కూడా పల్టన్ల కోసం పుట్టినవే. సిమ్లాలో 1888లో మొదలైన డ్యూరాండ్ కప్‌లో చాలాకాలం సైనిక జట్లదే రాజ్యం. రోవర్స్‌లో పౌరుల జట్టు ఒకటి గెలవడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది కప్పు బెంగళూరు ముస్లిమ్స్ క్లబ్బుది. డ్యూరాండ్‌లో ఆ పని 1940లో మహమ్మడన్ స్పోర్టింగ్ చేసింది.

నిజాం రాజ్యంలో ఆట రెండు పాయలుగా పారింది. సికింద్రాబాద్ వైపు కంటోన్మెంటును ఆనుకుని బతికే తమిళ, తెలుగు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పిల్లలు. హైదరాబాద్ వైపు పాతబస్తీ యువకులు, బార్కస్‌లోని అరబ్బు సంతతివారు, ఉస్మానియా విద్యార్థులు. నగర పోలీసు జట్టు ఈ రెండో పాయలోంచి లేచింది. 1930లలో దాన్ని సిటీ అఫ్ఘాన్స్ అని పిలిచేవారు. 1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడ్డాక ఆటకు లీగులు, పోటీలు, లెక్కలు వచ్చాయి. నోర్బర్ట్ ఫ్రూవాల్ అనే శిక్షకుడు తొలి పునాది వేశాడు. 1943లో బెంగళూరు వెళ్లి ఆష్ గోల్డ్ కప్ గెలవడంతో, సంస్థానం బయట కూడా ఈ పోలీసుల పేరు వినపడింది.

కొలువే క్లబ్బు

ఇంగ్లండులో పాత క్లబ్బులు ఎలా పుట్టాయో ఒకసారి చూస్తే ఇక్కడి తేడా తెలుస్తుంది. అక్కడా అనేక క్లబ్బులు పనివాళ్ల జట్లే. లండన్ వూల్విచ్‌లోని ఆయుధ కర్మాగారం కార్మికులు 1886లో పెట్టుకున్న జట్టే నేటి ఆర్సెనల్. మాంచెస్టర్ దగ్గర న్యూటన్ హీత్ రైల్వే కార్మికులు 1878లో మొదలుపెట్టిన జట్టు 1902లో మాంచెస్టర్ యునైటెడ్‌గా మారింది. థేమ్స్ ఒడ్డున ఓడలు కట్టే కంపెనీ జట్టు 1895లో పుట్టి, తర్వాత వెస్ట్ హామ్ అయింది. ఈ మూడూ కొన్నేళ్లలోనే యజమాని చేయి వదిలించుకుని, వాటాలు అమ్మి, మైదానం సంపాదించి, తలుపు దగ్గర టికెట్టు కోసి, తమ కాళ్ల మీద తాము నిలబడ్డాయి. కర్మాగారం మూతపడినా క్లబ్బు మిగిలింది.

హైదరాబాద్ పోలీసులకు ఆ అడుగు పడలేదు. పడే వీలు కూడా లేదు. ఇక్కడ ఆటగాడు ముందు కానిస్టేబుల్. బంతి బాగా తన్నే కుర్రవాణ్ని గుర్తించి శాఖలో చేర్చుకునేవారు. బాగా ఆడితే పైమెట్టు ఎక్కేవాడు, కాలు విరిగినా జీతం ఆగదు, వయసు మీదపడితే పింఛను ఉంటుంది. పేదింటి పిల్లవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కలకత్తా క్లబ్బులు అప్పటికి అమెచ్యూర్ ఆట అని పైకి చెబుతూ లోపల చేతిలో డబ్బు పెట్టేవి. హైదరాబాద్ మాత్రం జీవితకాలపు భరోసా ఇచ్చేది. శివకుమార్ లాల్ వంటి ఉన్నతాధికారులు ఆటను శాఖ పరువుగా భావించి, జట్టు కూర్పు విషయంలో రహీంకు అడ్డు చెప్పలేదు. అధికారులు అడ్డు రాకపోవడం, ఇప్పటి క్రీడా సంఘాలను చూసేవారికి, నమ్మశక్యం కాని సంగతే.

ఈ పద్ధతికి తోకలాంటిది నేటికీ మిగిలింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ మహమ్మద్ సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. అయితే వరుస తిరగబడింది. అప్పట్లో ఆడటానికి ఉద్యోగం ఇచ్చేవారు. ఇప్పుడు ఆడి గెలిచి వచ్చాక ఇస్తున్నారు.

రహీం సాబ్

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివి, విశ్వవిద్యాలయ జట్టుకు ఆడాడు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల ఆటలు చూసుకునే బాధ్యత తీసుకున్నాడు. 1940ల తొలినాళ్లలో ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు. 1950లో సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టాడు. ఆ రెండు బాధ్యతల్నీ ప్రాణం పోయేదాకా వదల్లేదు.

అతను ఆటగాడిగా పెద్ద పేరున్నవాడు కాదు. పంతులుగా మాత్రం అసాధ్యుడు. ఆ రోజుల్లో మన దేశంలో బంతి దొరికినవాడు దాన్ని తన దగ్గరే ఉంచుకుని, ముగ్గురిని తప్పించి, జనం చేత ఈల వేయించుకోవడమే గొప్ప. రహీంకు ఇది నచ్చదు. అందుకే డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టాడు. బంతి అందగానే ఇచ్చేయాలి. ఎడమ కాలు మొండిగా ఉన్నవాళ్ల కోసం బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టాడు. పొట్టి పిల్లలు పెద్దవాళ్ల భుజాల కింద నలిగిపోకుండా, ఎత్తు కొలిచి పొట్టివాళ్లకు వేరే పోటీలు నడిపాడు. ఎవరో పుస్తకంలో రాసిన కసరత్తులు కావివి. మైదానంలో ఏ జబ్బు కనిపిస్తే దానికి తగ్గ మందు తానే నూరేవాడు.

వ్యూహంలోనూ అంతే. బ్రిటిష్ పల్టన్ల నుంచి మనవాళ్లు నేర్చుకున్నది వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు ఉండే పాత అమరిక. రహీం మొదట రక్షణలోకి మూడోవాణ్ని దించాడు. 1953లో ఇంగ్లండును వారి గడ్డ మీదే 6-3తో ఓడించిన హంగేరీ, సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ఆడించింది. భారత జట్టుకూ శిక్షకుడైన రహీం 1956 ఒలింపిక్స్‌లో దాని చేత అదే ఎత్తు వేయించాడు. 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపించిన నాలుగు, రెండు, నాలుగు అమరికను భారత జట్టులో పెట్టడానికి ఎక్కువకాలం ఆగలేదు. టీవీ లేదు, వీడియో లేదు. పత్రికలు, విదేశీ పుస్తకాలు, యూరప్ వెళ్లినప్పుడు చూసిన మ్యాచులు, అంతే ఆధారం.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. రహీం భారత జట్టులో చేసిన ప్రయోగాలకు ప్రయోగశాల ఈ పోలీసు జట్టే. అదే పదిహేను మంది ఏడాది పొడవునా చేతిలో ఉంటారు. పొద్దున మైదానానికి రమ్మంటే రావడం డ్యూటీ. మరో క్లబ్బు ఎత్తుకుపోయే భయం లేదు. ఏ కోచ్‌కైనా ఇంతకన్నా వరం ఉండదు. కలకత్తా క్లబ్బులో ఇదే రహీం ఉండి ఉంటే, రెండు ఓటములకే గేటు దగ్గర దిష్టిబొమ్మ తగలబడేదేమో.

ఐదు కప్పుల కాలం

1948 సెప్టెంబరులో సైనిక చర్యతో నిజాం పాలన ముగిసింది. రాజ్యం పోయిన రెండేళ్లకే, ఇంకా గాయాలు ఆరని నగరం నుంచి, పోలీసు జట్టు దేశం మీదికి బయల్దేరింది. పాలకులు మారారు, అధికారులు మారారు, జట్టు మాత్రం చెదరలేదు. పైగా ఆ తర్వాతి పదిహేనేళ్లే దాని స్వర్ణయుగం.

1950లో పదేళ్ల విరామం తర్వాత ఢిల్లీలో డ్యూరాండ్ కప్ మళ్లీ జరిగింది. స్వతంత్ర భారతంలో అదే మొదటి డ్యూరాండ్. ఫైనల్లో ఎదురుగా మోహన్ బగాన్, అంటే దేశంలో అందరికన్నా ఎక్కువ అభిమానులున్న జట్టు. మొదటి రోజు ఆట సమంగా ముగిసింది. మళ్లీ ఆడితే హైదరాబాద్ 1-0తో గెలిచింది. అదే ఏడాది రోవర్స్ కూడా తెచ్చుకుంది. ఒకే ఏడాది రెండు పెద్ద కప్పులు! అప్పటిదాకా దక్కను ఫుట్‌బాల్ అంటే పెద్దగా పట్టించుకోని కలకత్తా పత్రికలకు అప్పటి నుంచి హైదరాబాద్ ఒక ప్రశ్న అయింది.

ఆ తర్వాత రోవర్స్ 1951, 52, 53, 54. నడుమ నిలిచి ఆట నడిపించిన నూర్ మహమ్మద్, వెనక గోడలా నిలబడ్డ సయ్యద్ ఖాజా అజీజుద్దీన్, ముందుకు చీల్చుకుపోయే మొయినుద్దీన్, మధ్యలో అబ్దుల్ లతీఫ్: ఈ నలుగురూ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు ఎంపికయ్యారు. అక్కడ మన జట్టు ఎక్కువమంది వట్టి కాళ్లతో చలిలో దిగి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఓటమి ఎంత ఘోరమైనా దాన్నుంచి పాఠం తీసుకున్నవాడు రహీమే. అంతకుముందు ఏడాది ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచిన జట్టుకూ ఆయనే శిక్షకుడు.

డ్యూరాండ్‌లో ఈస్ట్ బెంగాల్‌తో వీరికి ప్రత్యేకంగా ఒక లెక్క ఉండేది. 1952 ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. 1954లో కప్పు హైదరాబాద్ వచ్చింది. 1956 ఫైనల్లో మళ్లీ ఈస్ట్ బెంగాల్. 1957లో హైదరాబాద్ బదులు తీర్చుకుంది. ఆ ఏడాది రోవర్స్ కూడా పోలీసులదే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాటికి నూర్, అజీజ్, లతీఫ్‌లకు తోడుగా జుల్ఫికరుద్దీన్ వంటి కుర్రవాడు చేరాడు. సికింద్రాబాద్ వైపు నుంచి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ఫార్వర్డ్ తులసీదాస్ బలరామ్ వచ్చారు. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీ ఫైనల్లో యుగోస్లావియా 4-1తో ఆపింది. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు ముందుగానీ తర్వాతగానీ ఆ మెట్టు ఎక్కలేదు.

బలరామ్ సంగతి

బలరామ్ గురించి విడిగా చెప్పాలి. ఎందుకంటే హైదరాబాద్ ఆట ఎలా ఎదిగిందో, ఎలా కారిపోయిందో రెండూ అతని జీవితంలో కనిపిస్తాయి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో పేద కుటుంబంలో పుట్టాడు. కంటోన్మెంటు పక్కన ఆడుకునే కుర్రవాడు రహీం కంట్లో పడ్డాడు. శిక్షణకు హైదరాబాద్ రమ్మంటే, అంత దూరం రావడానికి సైకిలైనా లేదన్నాడట. రహీం రోజుకు ఒక రూపాయి చేతిలో పెట్టి, అద్దె సైకిల్ మీద రమ్మన్నాడు. ఈ కథను బలరామే తర్వాతి రోజుల్లో చెప్పుకునేవాడు.

ఆ రూపాయి వృథా కాలేదు. ఇరవయ్యేళ్లకే ఒలింపిక్స్ ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. కానీ 1957 నాటికే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఇక తిరిగి రాలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో 1963లో, ఇంకా ఆడగలిగిన వయసులోనే ఆట మానేయాల్సి వచ్చింది. చివరిదాకా బెంగాల్‌లోనే హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఉండి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్: భారత ఫుట్‌బాల్‌లో ఈ ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెబుతారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. మూడో అతనికి అర్జున దగ్గరే ఆగిపోయింది. తెలుగువాళ్లు పట్టుబట్టి అడిగారా అంటే, అదీ లేదు.

పేరు మారింది

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆటల లెక్క మాత్రం కొంతకాలం పాత సరిహద్దుల్లోనే నడిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో గెలిచింది ‘హైదరాబాద్’ పేరుతోనే. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయే. 1959 నాటికి పాత హైదరాబాద్, ఆంధ్ర సంఘాలు కలిసి ఒకటయ్యాయి. సిటీ పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారింది. కలకత్తా, బొంబాయి పత్రికలు దాన్ని పొట్టిగా ‘ఆంధ్రా పోలీస్’ అని రాసేవి. జట్టులో ఎక్కువమంది దక్కనీ ఉర్దూ మాట్లాడే పాతబస్తీవాళ్లు, జట్టు పేరేమో ఆంధ్రా. ఆ రోజుల్లో దీన్ని ఎవరూ వింతగా చూసినట్టు లేదు.

కొత్త పేరుతోనూ కప్పులు వచ్చాయి. రోవర్స్ 1960లో గెలిచి, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకుని, 1963లో మళ్లీ గెలిచింది. 1961 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించింది. యూసుఫ్ ఖాన్ ఈ తరానికి పెద్ద పేరు. రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1962లో జకార్తా కూడా వెళ్లాడు.

జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీంకు కేన్సర్. మొదటి మ్యాచ్‌లో మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద గెలిచి ఫైనల్ చేరితే ఎదురుగా మళ్లీ ఆ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేసియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుబట్టడంతో అక్కడి జనం భారత్ మీద మండిపడుతున్నారు. లక్షమంది నిండిన స్టేడియంలో ఈలలు, కేకలు. తలకు కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించాడు. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 1962 సెప్టెంబరు 4న 2-1తో భారత్ గెలిచింది. ఆ జట్టులో గోలీ తంగరాజ్, బలరామ్, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ మన జంట నగరాలవాళ్లు. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్‌కు ఆసియా క్రీడల బంగారం మళ్లీ దక్కలేదు.

1963 జూన్ 11న రహీం చనిపోయాడు. వయసు యాభై నాలుగు కూడా నిండలేదు. ఆ ఏడాది రోవర్స్ గెలిచిన ఆంధ్రా పోలీసులు డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో 2-0తో ఓడారు. ఆ తర్వాత ఆ రెండు కప్పుల్లో ఏదీ పోలీసులకు రాలేదు.

వెలితి ఎక్కడ పడింది

గురువు పోయాడు, జట్టు పోయింది అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగం నిజం. రహీం లేకుండానే 1965-66లో ఆంధ్రప్రదేశ్, బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆటగాళ్ల పంట తగ్గలేదన్నమాట. తగ్గింది ఆ పంటను ఇంట్లో ఉంచుకునే శక్తి. ఆ గెలుపు తర్వాత 1966లోనే సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. అర్జున, ద్రోణాచార్య రెండూ అందుకున్న ఫుట్‌బాలర్. హబీబ్‌ను కలకత్తా ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకుంది. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2గా ఆడిన మ్యాచ్‌లో అతనూ గోల్ చేశాడు. తమ్ముడు అక్బర్ 1976 కలకత్తా డెర్బీలో ఆట మొదలైన పదిహేడు సెకన్లకే గోల్ కొట్టాడు. తర్వాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అదే దారి పట్టారు.

కానిస్టేబుల్ జీతం 1950లో భరోసా. 1970లో కలకత్తా క్లబ్బు ఇచ్చే డబ్బు ముందు అది చిల్లర. పైగా బ్యాంకులు, ఆల్విన్ వంటి సంస్థలు తమ జట్లు పెట్టుకుని, ఖాకీ తొడగకుండానే కొలువు ఇవ్వసాగాయి. ఇంగ్లిష్ క్లబ్బుల్లా టికెట్ల డబ్బు ఉంటే పోటీ పడేది. లేదు. సర్కారు శాఖ ఆటగాడికి ఎక్కువ జీతం ఎలా ఇస్తుంది? శివకుమార్ లాల్ వంటి అధికారి పోయి ఆట పట్టని అధికారి వస్తే నియామకాలు ఆగిపోతాయి. సభ్యులు లేరు కాబట్టి అడిగేవాడు లేడు. జట్టును నిలబెట్టిన గుణమే, అంటే ఒకే యజమాని మీద పూర్తిగా ఆధారపడటమే, దాన్ని నెమ్మదిగా తినేసింది. దీనికి తోడు అసోసియేషన్‌లో ముఠా తగాదాలు. మైదానాలను క్రికెట్ లాక్కుంది. ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియం అయ్యాక అక్కడ క్రికెట్ టెస్టులకు ఉన్న ఆదరణ ఫుట్‌బాల్‌కు ఏనాడూ లేదు.

జట్టును ఎవరూ రద్దు చేయలేదు. పోలీసు ఆటల పోటీల్లో ఖాకీ జట్లు ఇప్పటికీ ఆడుతూనే ఉన్నాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక జట్లూ రెండయ్యాయి. కాకపోతే ఆ మ్యాచుల స్కోర్ల కోసం మర్నాడు పేపరు తిరగేసేవాళ్లు లేరు.

తర్వాత వచ్చినవి

వృత్తి ఆట హైదరాబాద్‌కు ఆలస్యంగా వచ్చింది. 2015లో ఫతే హైదరాబాద్ పుట్టి ఐ-లీగ్ రెండో డివిజన్ దాకా వెళ్లింది. 2019లో పుణె ఫ్రాంచైజీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లో (ఐఎస్‌ఎల్) అడుగుపెట్టింది. యజమానులు తెలుగువారే. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో పడ్డాక, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ ట్రోఫీ గెలిచింది. గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అంతలోనే జీతాలు ఆగాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పోలీసు జట్టుకు శాఖ ఎలాగో, దీనికి ఫ్రాంచైజీ యజమాని అలాగ. నగరం పేరు చొక్కా మీద ఉండేది గానీ క్లబ్బులో నగరానికి వాటా లేదు. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచిన నగరపు మరో క్లబ్బు శ్రీనిధి దక్కన్ ఇంకా నిలదొక్కుకుని ఉంది.

హైదరాబాద్ సంగతి అలా ఉంచితే, ఫుట్‌బాల్ ఎవరూ ఊహించని చోట వేళ్లు దిగింది. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే అనంతపురంలో. ఈ జిల్లా ఏనాడూ నిజాం రాజ్యపు ఆట చరిత్రలో భాగం కాదు. దత్తమండలాల్లో ఒకటిగా మద్రాసు వైపు ఉండేది. ఇక్కడికి బంతి బార్సిలోనా దారిలో వచ్చింది. అక్కడ పుట్టిన విసెంటె ఫెర్రర్ 1969లో అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థను, జనం నోట ఆర్డీటీని, మొదలుపెట్టాడు. ఇళ్లు, బడులు, ఆసుపత్రులతో పాటు ఆ సంస్థ ఆటల మైదానాలూ వేసింది. 2010లో రఫెల్ నాదల్ ఇక్కడ టెన్నిస్ బడి తెరిచాడు. స్పెయిన్ లీగ్ సంస్థ లా లిగా ఫుట్‌బాల్ శిక్షణకు చేయి కలిపింది. వేరుశనగ చేలలో కలుపు తీసే తల్లుల కూతుళ్లు సాయంత్రం జెర్సీ తొడిగి ఆడుతున్నారు. వాళ్లలో కొందరు స్పెయిన్ వెళ్లి డొనోస్తీ కప్‌లో ఆడి వచ్చారు.

రహీం పొట్టివాళ్లకు వేరే పోటీ పెట్టినట్టు, ఇక్కడ ఊళ్లవారీగా చిన్నపిల్లల లీగులు నడుస్తాయి. హైదరాబాద్ పోలీసులకు ఎన్నడూ తట్టని పని ఒకటి ఇక్కడ జరిగింది: అమ్మాయిలను మైదానంలోకి తేవడం. అయితే ఆసరా ఒక్కటే కావడంలో ఉన్న చిక్కు ఇక్కడా ఉంది. 2025లో ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ దగ్గర ఆగినప్పుడు జిల్లాలో జనం రోడ్డెక్కారు. పార్టీల తేడా లేకుండా నాయకులు ఢిల్లీకి విన్నవించుకున్నారు. వైద్యం, చదువులతో పాటు మైదానాలూ ఆ డబ్బు మీదే నడుస్తున్నాయి మరి. పోలీసు జట్టు వాడిపోతున్నప్పుడు ఇలా రోడ్డెక్కినవారు లేరు.

గుర్తుంచుకున్నవాళ్లు

రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా చేశాడు. ఫిఫా రిఫరీగా ఆసియా కప్ మ్యాచులు నడిపాడు. తండ్రి జ్ఞాపకాలను అడిగినవారికీ అడగనివారికీ చెబుతూ బతికాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. 2021 ఆగస్టు 22న పోయాడు. అప్పటికి తండ్రి మీద హిందీలో ‘మైదాన్’ సినిమా తయారవుతోంది. అజయ్ దేవగణ్ రహీం వేషం వేసిన ఆ సినిమా 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. సినిమా ప్రధానంగా జాతీయ జట్టు చుట్టూ తిరుగుతుంది. వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన పోలీసుల కథ తెలుగులోనూ సినిమాగా రాలేదు, ఉర్దూలోనూ రాలేదు.

నగరంలో పోలీసు శాఖకున్న పెద్ద మైదానం గోషామహల్ స్టేడియం. కవాతులు, పోలీసు అమరుల సంస్మరణ సభలు అక్కడే జరిగేవి. 2025 జనవరి 31న ఆ స్థలంలో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు.